సన్నగా ఉన్నవారి షుగరు, లావుగా ఉన్నవారి మంచి రిపోర్టు

ఒకే రోజు, ఒకే ల్యాబులో, పరగడుపున రక్తం ఇచ్చిన ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు కోవూరు వైపు రొయ్యల చెరువులు చూసుకునే నలభై రెండేళ్ల రైతు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. చేతులు, కాళ్లు సన్నం. కాస్త పొట్ట ఉన్నా చొక్కా కింద కనిపించదు. రెండోవారు కందుకూరులో ఉండే ఆయన వదిన. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 79 కిలోలు. ఇంట్లో ఏ విందు జరిగినా ‘నువ్వు కాస్త తగ్గాలమ్మా’ అనే సలహా ముందుగా వడ్డించేది ఆమెకే.

సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. మరిదికి పరగడుపు షుగరు 118, రక్తంలోని ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 240, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ 33. కడుపు స్కానింగులో ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు, అని రాశారు. వదినకు షుగరు 91, ట్రైగ్లిజరైడ్లు 120, హెచ్‌డీఎల్ 54, బీపీ 122/78. ‘వదినా, కాగితాలు తారుమారయ్యాయేమో, ఒకసారి అడిగి వస్తాను’ అంటాడు మరిది. తారుమారు కాలేదు.

ఈ వదినా మరుదులు నేను కల్పించినవారే. ఇలాంటి రిపోర్టుల జంటలు మాత్రం నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఏ డాక్టరునూ ఆశ్చర్యపరచవు. ఆశ్చర్యపోయేది మనమే. బక్కపలచని మనిషికి షుగరు వచ్చిందంటే ‘ఆలోచనలు ఎక్కువ, అందుకే’ అని ఏదో ఒక కారణం వెతుకుతాం. లావుగా ఉన్నవారికి వస్తే వెతకనైనా వెతకం, తిండి అని తేల్చేస్తాం. రెండూ తొందరపాటు తీర్పులే. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నదానికంటే అది ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. దాన్ని క్షేమంగా దాచుకునే చోటు ఆ ఒంటికి ఎంత ఉందన్నది ఇంకా ముఖ్యం. బరువు తూచే యంత్రం ఈ రెంటిలో దేనికీ జవాబు చెప్పదు.

జీవక్రియ ఆరోగ్యాన్ని డాక్టర్లు మామూలుగా అయిదు కొలతలతో చూస్తారు. నడుము చుట్టుకొలత మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు చేరడం, ట్రైగ్లిజరైడ్లు 150 గానీ ఆపైన గానీ ఉండటం, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ మగవారిలో 40కి, ఆడవారిలో 50కి తగ్గడం, బీపీలో పై అంకె 130కో కింది అంకె 85కో చేరడం, పరగడుపు షుగరు 100 తాకడం. వీటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టు లెక్క. అంతర్జాతీయ వైద్య సంస్థలు కలిసి 2009లో ఒప్పుకున్న లెక్క ఇది. మన రైతు నడుము కూడా 91 అనుకుంటే ఆయనకు నాలుగు ఉన్నాయి. వదినకు నడుము ఒక్కటే.

ఇవన్నీ ఒకే మనిషిలో గుంపుగా ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ఒక జవాబిచ్చారు. వెనుక ఉన్నది ఇన్సులిన్ నిరోధకత, అంటే క్లోమం పంపిన ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం అన్నారు. ఆ గుంపుకు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టారు. చాలామంది మరచిపోయే సంగతి ఏమిటంటే, ఆయన తన జాబితాలో ఊబకాయాన్ని చేర్చలేదు. లావు లేనివారిలోనూ ఈ నిరోధకత ఉంటుందని ఆయన అప్పటికే గుర్తించారు.

మరి బీఎంఐ సంగతి? బరువును ఎత్తు వర్గంతో భాగించే ఈ సూత్రం 1830లలో బెల్జియంకు చెందిన గణాంక శాస్త్రవేత్త కెట్లే ఆలోచన. ఆయన వెతికింది జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడన్నది. రోగిని పరీక్షించడానికి ఆ సూత్రాన్ని తయారు చేయలేదు. బీఎంఐ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టారు. ఆసియావాసులకు తక్కువ బరువు దగ్గరే ముప్పు మొదలవుతుందని గమనించి, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మనలాంటివారి విషయంలో 23 దగ్గరే జాగ్రత్తపడాలన్నారు. భారతీయ నిపుణులు 2009లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీత కిందికి జరిపారు. మంచిదే. అయితే మన రైతు బీఎంఐ 22. ఎంత కిందికి జరిపిన గీతకు కూడా ఆయన చిక్కడు.

ఇదే విషయాన్ని 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు పరిశోధకులు తమ ఫొటోతోనే చూపించారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తుతారు, యాజ్ఞిక్ పరుగంతా మూసుకుంటున్న లిఫ్టు తలుపులను అందుకోవడానికే అని ఆ వ్యాసంలో వాళ్లే చమత్కరించారు.

ఇక అసలు విషయం. కొవ్వు అనగానే మనం మొహం చిట్లిస్తాం. కానీ చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు ఒంటికి గాదె లాంటిది. తిన్నదానిలో అప్పటికప్పుడు ఖర్చు కానిది అక్కడికి చేరి భద్రంగా ఉంటుంది. గాదె పెద్దదైతే పంట ఎంత వచ్చినా సర్దుకుంటుంది. చిన్నదైతే, అది నిండిన మరునాటి నుంచి ధాన్యాన్ని వసారాలో, పడకగదిలో, వంటింట్లో పోయవలసి వస్తుంది. అప్పుడు ఇంట్లో ఏ పనీ సాగదు. ఒంట్లో అలా కొవ్వు పొర్లిపోయే చోట్లు కాలేయం, పేగుల చుట్టూ ఉండే ఖాళీ, కండరాలు, క్లోమం.

కాలేయంలో కొవ్వు చేరితే అది ఇన్సులిన్ ఆజ్ఞను పట్టించుకోదు. రాత్రంతా గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ‘రాత్రి రెండు ఇడ్లీలే తిన్నాను, పొద్దున షుగరు ఇంత ఎందుకుంది’ అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. అదే కాలేయం మిగులు కొవ్వును ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది, ఆ క్రమంలో హెచ్‌డీఎల్ తగ్గుతుంది. క్లోమంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ తయారుచేసే కణాలు మందగిస్తాయి. రిపోర్టులో వేరువేరు వరుసల్లో కనిపించే అంకెలన్నీ ఒకే చోట మొదలైన గొడవలు. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ దీన్నే ఎవరి హద్దు వారిదేనని వివరించారు. ఒకరి ఒళ్లు 110 కిలోల దగ్గర కూడా తట్టుకుంటుంది, మరొకరిది 62 దగ్గరే చేతులెత్తేస్తుంది.

ఇది ఊహ కాదనడానికి బలమైన ఆధారాలున్నాయి. పుట్టుకతోనే చర్మం కింద కొవ్వు దాదాపు లేని అరుదైన జబ్బు ఒకటుంది, లిపోడిస్ట్రోఫీ. ఆ రోగులు చూడటానికి కండలు తిరిగినట్టు ఉంటారు. కానీ వారికి తీవ్రమైన షుగరు, విపరీతమైన ట్రైగ్లిజరైడ్లు, కొవ్వుతో ఉబ్బిన కాలేయం ఉంటాయి. గాదే లేని ఇల్లు అది. దీనికి ఎదురు ఉదాహరణ 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు పొట్ట మీద చర్మం కింది కొవ్వును శస్త్రచికిత్సతో పీల్చివేశారు, ఒక్కొక్కరికి సుమారు పది కిలోలు. పది పన్నెండు వారాల తరువాత చూస్తే బీపీ, షుగరు, కొవ్వులు, ఇన్సులిన్ పనితీరు దేనిలోనూ మెరుగు లేదు. అంత బరువు తిండి, నడకలతో తగ్గి ఉంటే అన్నీ మారేవి. పయోగ్లిటజోన్ అనే షుగరు మందు ఇంకా విచిత్రం. అది వాడితే చాలామందికి బరువు పెరుగుతుంది, షుగరు తగ్గుతుంది, కాలేయంలో కొవ్వు కూడా తగ్గుతుంది. చర్మం కింద కొత్త కొవ్వు కణాలు పుట్టేలా చేసి, లోపలి సరుకును అక్కడికి తరలిస్తుంది కాబట్టి.

మనవాళ్లకు ఈ నిల్వ చోటు తక్కువన్నది యాజ్ఞిక్ బృందం పసిపిల్లల్లోనే చూసింది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. కడుపులో ఉండగా పోషణ తగ్గితే ఒళ్లు మెదడును, కొంత కొవ్వును కాపాడుకుని కండను వదులుకుంటుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా కరువే ఉంటే పెద్ద చిక్కు రాదు. కరువుకు తయారైన ఒంటికి పుష్టిగా తిండి దొరికినప్పుడే చిక్కు.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల చరిత్ర ఇక్కడే ముడిపడుతుంది. పెన్నా డెల్టాలో నీళ్లు, వరి ఎప్పటినుంచో ఉన్నాయి. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి మెట్టల్లో మన అవ్వల కాలం వరకూ సజ్జ, జొన్న, రాగి, అవి కూడా వాన పడిన ఏడాదికి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్టకూ మాగాణికీ కంచంలో తేడా పోయింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ తక్కువ బరువుతో పుట్టిన తరం మూడు పూటలా తెల్లన్నానికి, ఆ తరువాత నాగలి నుంచి ట్రాక్టరుకు, కొడవలి నుంచి కోత మిషనుకు ఒక్క జీవితకాలంలో మారింది. తిండిలోని గ్లూకోజులో అధిక భాగాన్ని పీల్చుకోవలసింది కండరాలు. ఆ కండ పుట్టుకతోనే తక్కువ, దానికి పని కూడా తగ్గింది.

దానికి మరో రెండు మన ప్రాంతపు సంగతులు చేర్చాలి. ఒకటి పొగాకు. పండించే నేల కాబట్టి తాగేవాళ్లూ ఉన్నారు. పొగతాగేవారు సన్నగా ఉంటారన్నది నిజమే, కానీ ఉన్న కొవ్వు పొట్టలోకే ఎక్కువ చేరుతుంది, షుగరు వచ్చే అవకాశం తాగనివారికంటే 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక చెప్పింది. రెండోది నిద్ర. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్ల దగ్గర కాపలా కాసే రైతుకు నిద్ర ఎక్కడిది? 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిస్తే, గ్లూకోజును సర్దుకునే శక్తి షుగరు తొలిదశ మనుషుల మాదిరిగా తగ్గిపోయింది. బరువులో దీని జాడ కనిపించదు.

ఇలాంటివారు ఎంతమంది? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లు, దాని ముంగిట ఉన్నవారు 13.6 కోట్లు. అదే అధ్యయనంలో బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం మందికి ఉంటే, పొట్ట ఊబకాయం 39.5 శాతం మందికి ఉంది. రక్తంలో కొవ్వుల తేడా ఏకంగా 81.2 శాతం మందికి. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, లావు ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం మరీ కళ్లు తెరిపించేది. అక్కడ ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది బీఎంఐ 25 లోపే ఉంది. ఎండలో కష్టపడే పేద రైతుల్లో ఇది.

ఇప్పుడు వదిన దగ్గరికి వద్దాం. ఆమె రిపోర్టు మంచిదే. తొడల్లో, పిరుదుల్లో చోటు ఎక్కువ ఉన్న ఒళ్లు అది, ముట్లు ఆగే వయసు వరకూ ఆడవారికి ఈ సౌలభ్యం మగవారికంటే ఎక్కువ. కాబట్టి ఆమెను చూడగానే ‘షుగరుందా’ అని అడిగేవారు మర్యాదతో పాటు శాస్త్రాన్ని కూడా తప్పుతున్నారు. అయితే ‘లావైనా ఆరోగ్యమే’ అని పూర్తిగా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయే పరిస్థితి కూడా లేదు. అమెరికాలో పన్నెండేళ్లకు పైగా సాగిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదట మంచి రిపోర్టులున్న ఊబకాయుల్లో దాదాపు సగం మంది ఆ కాలంలోనే మెటబాలిక్ సిండ్రోమ్‌లోకి జారారు. బ్రిటన్‌లో 35 లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ సమస్యలు లేని ఊబకాయులకు కూడా మామూలు బరువువారికంటే గుండె రక్తనాళాల జబ్బు 49 శాతం, గుండె వైఫల్యం 96 శాతం ఎక్కువగా కనిపించాయి. ముట్లు ఆగాక కొవ్వు తొడల నుంచి పొట్టకు మకాం మారుస్తుంది. మోకాళ్లు, గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి రక్తపరీక్షలో పడవు. నా ఉద్దేశంలో ఆమెది గడువున్న మంచి రిపోర్టు. ఏటా ఒకసారి చూపించుకోవడం, నడుము ఇంకా పెరగకుండా చూసుకోవడం, నడక, అంతే కావాలి. అవమానం అక్కర్లేదు, అది ఏ అంకెనూ తగ్గించదు.

2025 జనవరిలో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం ఇదే దారి పట్టింది. అవయవాల పని దెబ్బతిన్న ఊబకాయాన్ని జబ్బుగా, ఇంకా దెబ్బతినని దాన్ని ముప్పుగా వేరు చేయమంది, బీఎంఐ ఒక్కదానితో నిర్ధారించవద్దంది. అదే నెలలో భారతీయ నిపుణులూ రెండు దశల నిర్వచనం ఇచ్చారు. రెండో దశకు పొట్ట కొవ్వు, దాని వల్ల వచ్చిన సమస్యలు లెక్కలోకి వస్తాయి. బాగానే ఉంది. కానీ రెండు నిర్వచనాలూ ఊబకాయం గురించే కదా. 22 బీఎంఐ రైతు ఇక్కడా గుమ్మం బయటే నిలబడ్డాడు.

సన్నగా ఉండి షుగరు వచ్చిన ప్రతివారిదీ ఒకే కథ కాదన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే చికిత్స మారిపోతుంది. చిన్నప్పటి నుంచి పోషణ లేక బాగా బక్కచిక్కిన యువకుల్లో వచ్చే ఒక రకాన్ని 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య టైప్ 5గా గుర్తించింది. మనవాళ్లు పెద్ద వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీ డాక్టర్ల పరిశోధన అందులో కీలకం. వారికి కాలేయంలో కొవ్వు గానీ ఇన్సులిన్ నిరోధకత గానీ ప్రధానం కాదు, ఇన్సులిన్ తయారీయే తక్కువ. అలాంటివారికి ‘తిండి తగ్గించు’ అని చెప్పడం హాని. పెద్దవయసులో నెమ్మదిగా మొదలయ్యే టైప్ 1 తరహా షుగరు మరొకటి. ప్రయత్నించకుండానే బరువు పడిపోతూ కొత్తగా షుగరు బయటపడితే, యాభై దాటినవారు ముఖ్యంగా, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. క్లోమంలో గడ్డలు కూడా అలా బయటపడతాయి.

మన రైతుది మాత్రం పొర్లిన గాదె వ్యవహారమే. అలాంటివారు తగ్గగలరా? 64 కిలోల మనిషిని బరువు తగ్గమంటే ఇంట్లోవాళ్లు డాక్టరును మారుస్తారు. న్యూకాజిల్‌లో టేలర్ బృందం ఈ ప్రశ్ననే పరీక్షించింది. షుగరు ఉన్న, సగటు బీఎంఐ 24.8 ఉన్న 20 మందిని వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువు తగ్గించారు. 14 మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. కాలేయంలో, క్లోమంలో కొవ్వు తగ్గింది. దానికి చాలామందికి తగ్గవలసి వచ్చింది తమ బరువులో ఆరేడు శాతం. మన రైతుకైతే నాలుగు కిలోలు. చిన్న అధ్యయనమే, మందులు వాడేవారు సొంతంగా ప్రయోగించకూడదు, కానీ దారి ఎటో తెలుస్తుంది. తగ్గేది పొట్ట కావాలి, కండ కాకూడదు. అందుకే వట్టి నడకతో పాటు బరువులెత్తడం, గోడకు ఆనుకుని గుంజీలు తీయడం లాంటివి ఈ మనిషికి వదినకంటే ఎక్కువ అవసరం.

తిండి విషయంలో ఒక మాట. 2025లో ఇండియాబ్ బృందమే ప్రచురించిన లెక్కలో భారతీయుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. దీనికి మనం కనిపెట్టిన విరుగుడు రాత్రిపూట అన్నం మాని నాలుగు చపాతీలు తినడం. ఆ అధ్యయనం ప్రకారం బియ్యాన్ని గోధుమతోనో చిరుధాన్యాలతోనో మార్చినంత మాత్రాన ముప్పు తగ్గలేదు. పిండిలో కొంత భాగం స్థానంలో పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప వంటివి చేరితే తగ్గింది. సజ్జ సంగటి ముద్ద మీద ఈ మధ్య పుట్టిన భక్తి నాకు అర్థమవుతుంది, పీచు ఉంది కాబట్టి తప్పూ లేదు, కానీ ముద్ద సైజు అదే ఉంటే గాదెకు తేడా తెలియదు. నెల్లూరు చేపల పులుసును అనవసరంగా ఆడిపోసుకుంటారు. అందులో చేప మేలే చేస్తుంది. ఆ పులుసు పేరుతో లోపలికి పోయే మూడో విడత అన్నం దగ్గరే ఆగాలి.

పరీక్షల మాటకొస్తే, ముప్పై దాటినవారికి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం నింపే ప్రభుత్వ పట్టికలో నడుము చుట్టుకొలత ఉంది, పొగాకు, వ్యాయామం, ఇంట్లో షుగరు, బీపీ చరిత్ర ఉన్నాయి. ‘సన్నగానే ఉన్నాను, నాకెందుకు’ అని ఆమెను గుమ్మంలోంచే పంపేయకండి. అయితే అక్కడ వేలు గుచ్చి చూసే షుగరులో ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ తెలియవు. వాటికి పరగడుపున లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. పరగడుపు షుగరు 100కు అటూ ఇటూ ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తరువాత మళ్లీ చూసే పరీక్ష, పరగడుపు అంకె దాచిన సంగతి చాలామందిలో బయటపెడుతుంది. హెచ్‌బీఏ1సీ అనే, రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష సులువే, 5.7 నుంచి 6.4 వరకు ముంగిట, 6.5 చేరితే షుగరు. కానీ ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత ఉంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఇంట్లో చేసుకోగలిగింది టేపు కొలత. మొలతాడు బిగుతును నమ్మవద్దు, అది పొట్ట కిందికి జారి కూర్చుంటుంది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడుమ, బట్ట అడ్డం లేకుండా, గాలి మామూలుగా వదిలాక టేపు చుట్టాలి. పొట్ట లోపలికి లాగకూడదు. వచ్చిన అంకె ఎత్తులో సగం దాటకూడదు. 170 సెంటీమీటర్ల రైతుకు ఆ సగం 85.